గోడమీది పేర్లు – అమెరికాలో లాటినో పోలీసుల సంగతులు

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. "అమెరికా వెళ్ళివచ్చారు గదా, ఏదైనా చెప్పండి. డి.ఎ. బకాయిల సంగతి మాత్రం ఎత్తవద్దు, దానికి వేరే వక్త ఉన్నారు" అని కార్యదర్శిగారు ముందే కట్టడి చేశారు. కనుక రోడ్ల వెడల్పు గురించీ, మాల్స్ గురించీ చెప్పి మీ ప్రాణాలు తీయకుండా, అక్కడ నేను చూసిన ఒక్క విషయమే మనవి చేసుకుంటాను. అది పోలీసులకు సంబంధించినది. నేను ఏనాడూ ఖాకీ వేసుకోలేదు. అయినా జిల్లా పోలీసు కార్యాలయాల్లో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా దిగేదాకా ముప్ఫయినాలుగేళ్ళు ఆ శాఖ ఉప్పే తిన్నాను. ఎందరో కానిస్టేబుళ్ళ సర్వీసు రిజిస్టర్లు నా చేతులమీదుగా పోయాయి. అందువల్ల ఈ విషయం నన్ను పట్టుకున్నట్టు మరొకరిని పట్టుకోకపోవచ్చు.

2023లో న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో ఆరు నెలలున్నాము. ఉదయంపూట పార్కులో నడిచేవాణ్ణి. ఎప్పుడో పోలీసు ఆటల పోటీల్లో పంచిన టోపీ నెత్తిన ఉండేది. దానిమీది ముద్ర చూసి ఒక పెద్దాయన ఆగి, "మీరు పోలీసా?" అని అడిగాడు. కాదు, పోలీసులకు జీతాలు కట్టినవాణ్ణి అన్నాను. ఆయన పెద్దగా నవ్వి, "అయితే మాకంటె పెద్ద అధికారే" అన్నాడు. న్యూయార్క్ నగర పోలీసు శాఖలో సార్జెంటుగా చేసి రిటైరయిన మనిషి. పుట్టింది ప్యూర్టోరికో దీవిలో. ఆయన పేరు సభలో చెప్పడం ఆయనకు ఇష్టముండదు గనుక సార్జెంటుగారు అనే అంటాను.

లాటినోలు అంటే ఎవరో రెండు ముక్కలు చెప్పాలి. మెక్సికో, ప్యూర్టోరికో, క్యూబా, డొమినికన్ రిపబ్లిక్, ఇంకా మధ్య, దక్షిణ అమెరికా దేశాల మూలాలున్న కుటుంబాలవారు. 2020 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో వీరు ఆరు కోట్ల ఇరవై లక్షలు, అంటే దాదాపు అయిదుగురిలో ఒకరు. వీరందరూ బయటినుంచి వచ్చినవాళ్ళేనని నేనూ అనుకునేవాణ్ణి. కాదు. కాలిఫోర్నియా 1848 వరకు మెక్సికోలోనే ఉండేది. ప్యూర్టోరికోవారు 1917 నుంచి అమెరికా పౌరులు. సార్జెంటుగారు చెప్పినట్టు, కొందరి విషయంలో మనుషులు సరిహద్దు దాటలేదు, సరిహద్దే మనుషుల్ని దాటింది.

అయినా పోలీసు ఉద్యోగం వీరికి తేలిగ్గా అందలేదు. మనకు తెలిసిన కొలబద్దే అక్కడా అడ్డుపడింది. చాలా నగరాల్లో అయిదడుగుల ఎనిమిది అంగుళాలో, తొమ్మిది అంగుళాలో ఎత్తుండాలన్న నిబంధన. ఆ గీత దగ్గర ఎందరో లాటినో యువకులు, దాదాపు ఆడవాళ్ళంతా ఆగిపోయేవారు. ఉద్యోగాల్లో వివక్ష కూడదన్న చట్టాన్ని 1972లో రాష్ట్ర, నగర ప్రభుత్వాలకూ వర్తింపజేశాక, కోర్టుల్లో దావాలు పడ్డాక ఆ నిబంధనలు ఒక్కొక్కటే పోయాయి. (మన దగ్గర సెలక్షన్ల రోజున ఎత్తు కొలిచేచోట మడమలు లేపి తిట్లుతిన్న కుర్రవాళ్ళు నాకు ఎందరో గుర్తున్నారు. నవ్వేవాళ్ళం. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే బాగుండదు.)

చేరినవారికి రెండు వైపులా పోటే. శాఖలో పైవాడు స్పానిష్ మాట్లాడవద్దంటాడు. తన పేటకు పోతే, "నువ్వు వాళ్ళవైపు చేరావా?" అని సొంత మేనమామ అడుగుతాడు. ఆ అడగడానికి కారణాలు లేకపోలేదు. ఒకటి చెబుతాను.

1973 జులై 24న టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్ నగరంలో శాంటోస్ రోడ్రిగెజ్ అనే పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి, పదమూడేళ్ళ వాడి అన్నను పోలీసులు తెల్లవారకముందే ఇంట్లోంచి లేపి తీసుకుపోయారు. పెట్రోలు బంకు దగ్గర యంత్రంలోంచి ఎనిమిది డాలర్లు పోయాయని అనుమానం. సంకెళ్ళు వేసి కారులో కూర్చోబెట్టి, నిజం చెప్పమని ఒక అధికారి రివాల్వరు శాంటోస్ తలకు పెట్టి నొక్కాడు. రెండోసారి అది పేలింది. ఆ పిల్లల వేలిముద్రలు అక్కడ దొరికిన వాటితో సరిపోలేదని తరవాత తేలింది. ఆ అధికారికి అయిదేళ్ళ శిక్ష పడింది. అందులో సగమే అనుభవించాడు.

డల్లాస్ పోలీసు శాఖ తరఫున ఆ తల్లికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. 2013లో నగర మేయరు చెప్పారు. 2021లో ఎడ్డీ గార్సియా అనే ఆయన ఆ నగరానికి పోలీసు చీఫ్‌గా వచ్చాడు. ప్యూర్టోరికోలో పుట్టినవాడు, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి లాటినో. అదే ఏడాది జులై 24న శ్మశానంలో పిల్లవాడి సమాధి దగ్గర, అప్పటికి ముసలిదైన తల్లి ఎదుట నిలబడి, శాఖ తరఫున క్షమించమని అడిగాడు. నలభై ఎనిమిదేళ్ళు పట్టింది. ఆ మరుసటి సంవత్సరం ఆ పేటలోని పార్కులో శాంటోస్ విగ్రహం పెట్టారు.

ఇది సార్జెంటుగారే నాకు చెప్పారు. పోలీసుల త్యాగాల గురించి అడిగితే ముందు ఇది చెప్పారు. "మావాళ్ళ పేర్లు మీకు చెప్పాలంటే ఈ పేరు కూడా చెప్పాలి. లేకపోతే మా పేటలో ఎవరూ మా మాట వినరు" అన్నారు.

ఈ రెండు పోట్ల మధ్య నిలబడడానికి వాళ్ళు సంఘాలు పెట్టుకున్నారు. న్యూయార్క్ పోలీసుల్లో హిస్పానిక్ సొసైటీ 1950ల చివర్లోనే పుట్టింది. కాలిఫోర్నియాలో 1970ల తొలినాళ్ళలో మొదలైనది నేషనల్ లాటినో పీస్ ఆఫీసర్స్ అసోసియేషన్. పై హోదాల్లో ఉన్నవారు 1973లో హిస్పానిక్ అమెరికన్ పోలీస్ కమాండ్ ఆఫీసర్స్ అసోసియేషన్ స్థాపించారు. మన సంఘంలాగే చందాలు, పత్రిక, వార్షిక విందు, ఎన్నికల్లో తగాదాలు అన్నీ ఉన్నాయట. అది విని నాకు ధైర్యం వచ్చింది.

పనులు మాత్రం విస్తారంగా చేస్తారు. హైస్కూలు దాటే పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇస్తారు. ఉద్యోగ పరీక్షలకు తర్ఫీదు ఇస్తారు. జనవరి 6న, వారికి ముగ్గురు రాజుల పండుగ, పిల్లలకు బొమ్మలు పంచుతారు. ఏ ఫారమైనా ఇంగ్లీషులో నింపలేని ముసలివాళ్ళకు దగ్గర కూర్చుని నింపిపెడతారు. జూన్ రెండో ఆదివారం ఫిఫ్త్ అవెన్యూ మీద సాగే ప్యూర్టోరికన్ ఊరేగింపులో యూనిఫారాలతో నడుస్తారు. "ఒకప్పుడు మా నాన్న ఫుట్‌పాత్ మీద నిలబడి పోలీసుల్ని చూసి పక్కకు జరిగేవాడు. నేను నడుస్తుంటే జెండా ఊపాడు" అని సార్జెంటుగారు అన్నారు. ఇప్పుడు న్యూయార్క్ పోలీసుల్లో దాదాపు మూడోవంతు లాటినోలే. 1845లో పుట్టిన ఆ శాఖకు మొదటి లాటినో కమిషనరు వచ్చింది మాత్రం నేనక్కడ ఉండగానే, 2023 జులైలో. ఆయన పేరు ఎడ్వర్డ్ కాబాన్. మరుసటి ఏడాది సెప్టెంబరులోనే పదవి వదులుకోవలసి వచ్చింది, అది వేరే కథ.

ఇక గోడ సంగతి.

మే 15ను మరణించిన పోలీసుల సంస్మరణ దినంగా 1962లో అమెరికా ప్రకటించింది. అప్పుడు అధ్యక్షుడు కెనడీ. ఆ వారమంతా దేశం నలుమూలల నుంచి పోలీసులు, కుటుంబాలు వాషింగ్టన్ చేరతారు. మనకు అక్టోబరు 21 ఉన్నట్టే. 1959లో లడఖ్‌లో హాట్‌స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పోయిన పదిమంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లను తలచుకుని మనం జరిపే దినమది. ఆ రోజు పెరేడ్ మైదానంలో ఆ ఏడాది పోయినవారి పేర్లు చదవడం మీలో పోలీసు శాఖవారికి తెలుసు. ఆ జాబితా టైపు చేసే పని కొన్నేళ్ళు నాదే.

సార్జెంటుగారు వాళ్ళ సంఘం బస్సులో వెళ్ళారు. మా అల్లుడు నన్ను కారులో తీసుకువెళ్ళాడు. వాషింగ్టన్‌లో జుడీషియరీ స్క్వేర్ అనే చోట, వంపు తిరిగిన రెండు పాలరాతి గోడలు. ఒక్కొక్కటి మూడువందల నాలుగడుగుల పొడవు, నడుమెత్తు మాత్రమే. గోడ చివర్లలో కంచు సింహాలు, వాటి దగ్గర పిల్లలు. 1991 అక్టోబరులో ప్రారంభించేనాటికి పన్నెండువేల పైచిలుకు పేర్లు చెక్కారు. ఇప్పుడు ఇరవైనాలుగువేలు దాటాయి. ఏటా వసంతంలో కొత్తవి చేరుస్తారు.

గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? పేర్లు ఏ వరుసలో ఉన్నాయా అని చూశాను. అకారాది కాదు. తేదీ వరుస కాదు. రాష్ట్రాల వారీగానూ కాదు. షెరీఫు పక్కన కానిస్టేబులు, వందేళ్ళనాటివాడి పక్కన నిన్నటివాడు. పెద్దా చిన్నా లేకుండా కావాలనే అలా కలిపి చెక్కారు. మరి వెతకడం ఎలా? మన ఇండెక్సు రిజిస్టరులాంటి పుస్తకం ఉంటుంది. పేరు చూస్తే, ఎన్నో పలక, ఎన్నో వరుస అని ఉంటుంది. సంచాలకులు చిన్న కాగితం, పెన్సిలు ఇస్తారు. కాగితాన్ని పేరుమీద ఆనించి పెన్సిలుతో రుద్దితే అక్షరాలు తెల్లగా తేలతాయి. చాలామంది అది ఇంటికి తీసుకుపోయి పటం కట్టించుకుంటారు.

సార్జెంటుగారు అటువంటి కాగితాలు అయిదు తీశారు. ఒకటి తనతో కారులో తిరిగిన స్నేహితుడిది, ఆ స్నేహితుడి తల్లికి ఇవ్వడానికి. మిగతావి న్యూయార్క్‌లో అందరికీ తెలిసిన పేర్లు.

రాఫాయెల్ రామోస్. నలభై ఏళ్ళవాడు. బడుల్లో భద్రతా ఉద్యోగిగా చేసి, ముప్ఫయ్యేడేళ్ళు దాటాక 2012లో పోలీసులో చేరాడు. భక్తిపరుడు, చాప్లిన్ కావడానికి తర్ఫీదు పొందుతున్నాడు. 2014 డిసెంబరు 20న బ్రూక్లిన్‌లో కారులో కూర్చుని ఉండగా ఒకడు వచ్చి అద్దంలోంచి కాల్చాడు. పక్కన కూర్చున్న సహచరుడు వెంజియన్ లియూ చైనా నుంచి వచ్చినవాడు. ఇద్దరూ పోయారు. రామోస్ అంత్యక్రియలకు ఇరవై వేలకు మించి పోలీసులు వచ్చారు.

జేసన్ రివేరా, ఇరవైరెండేళ్ళు. విల్బర్ట్ మోరా, ఇరవైయేడేళ్ళు. 2022 జనవరి 21న హార్లెమ్‌లో కొడుకుతో గొడవగా ఉందని తల్లి ఫోను చేస్తే వెళ్ళారు. ఇరుకు నడవలో కాల్పులు. రివేరా అప్పుడే పోయాడు. మోరా నాలుగురోజులుండి పోయాడు. అతని అవయవాలు అయిదుగురికి ప్రాణం పోశాయి. రివేరా తాను పోలీసులో ఎందుకు చేరాడో ఒక ఉత్తరంలో రాశాడు. తన అన్నను ఒకసారి పోలీసులు ఆపి సోదా చేయడం చూశాడట. లోపలికి వెళ్ళి శాఖను మార్చాలని చేరాడట. నేను వెళ్ళిన ఏడాదే వారిద్దరి పేర్లూ గోడమీద కొత్తగా చేరాయి.

ఇంకొకటి మియోసోటిస్ ఫమీలియా. ఈమె సంగతి మనకు మరింత దగ్గరిది. డొమినికన్ తల్లిదండ్రుల బిడ్డ. నలభై ఎనిమిదేళ్ళు, పన్నెండేళ్ళ సర్వీసు. 2017 జులై 5న అర్ధరాత్రి దాటాక బ్రాంక్స్‌లో పోలీసు వాహనంలో డ్యూటీ రాసుకుంటూ ఉండగా ఒకడు కిటికీలోంచి కాల్చాడు. ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయికి ఇరవై, కింద కవలలకు పన్నెండు. భర్త లేడు. అక్కడి పింఛను నిబంధన రాసినవారి మనసులో ఉన్నది భర్తో భార్యో మిగిలిన కుటుంబం. తల్లి ఒక్కతే పెంచిన పిల్లలు వారి ఊహలో లేరు. పోలీసు సంఘాలు వెంటపడగా, ఆ పిల్లలకు పూర్తి ప్రయోజనం దక్కడానికి న్యూయార్క్ రాష్ట్ర శాసనసభ ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. ఈ రోజు డిసెంబరు 17, నకారా కేసు తీర్పు వచ్చిన దినం. ఇక్కడ కూర్చున్న వారికి దీన్ని నేను విడమరచి చెప్పనవసరం లేదు.

ఆ పేరు గురించి సార్జెంటుగారు చెప్పినది మరిచిపోలేను. స్పానిష్‌లో ఫమీలియా అంటే కుటుంబం. మియోసోటిస్ ఒక చిన్న నీలిపువ్వు. ఇంగ్లీషువాళ్ళు ఆ పువ్వుకు పెట్టిన పేరుకు 'నన్ను మరవకు' అని అర్థం.

పేర్ల మాట వచ్చింది గనుక. స్పానిష్ పద్ధతిలో మనిషికి రెండు ఇంటిపేర్లు, ముందు తండ్రిది, తరవాత తల్లిది. ఇంగ్లీషు గుమాస్తాలకు ఇది అర్థం కాక చివరిదాన్నే ఇంటిపేరుగా రాసి, తండ్రి ఇంటిపేరును నడిమి పేరు చేసేస్తారు. సార్జెంటుగారిని చేర్చుకున్న రోజున అలాగే రాశారట. ఇరవై రెండేళ్ళు రొమ్ముమీది పేరుపలకలో ఆయన తన తండ్రి కొడుకు కాడు. రిటైరయ్యేటప్పుడు కాగితాలు సరిచేయించుకోవడానికి ఏడు నెలలు తిరిగారు. "ఆ ఆఫీసులో గుమాస్తా చెడ్డవాడు కాడు. కాగితంమీద ఉన్నదే చూస్తాడు, మనిషిని చూడడు" అన్నారు.

అప్పుడు నేను తల వంచుకున్నాను. ఎందుకో మీకు చెప్పాలి. ఈ ప్రసంగానికి ఒప్పుకున్నదే అందుకు.

నేను పనిచేసిన ఒక జిల్లాలో 1980ల్లో రిజర్వు కానిస్టేబులు ఒకరు బందోబస్తుకు పోతూ వ్యాను బోల్తాపడి చనిపోయారు. కుటుంబ పింఛను ఫైలు నా సెక్షనుకు వచ్చింది. సర్వీసు రిజిస్టరులో ఇంగ్లీషులో ఇంటిపేరు ఒక రకంగా ఉంది. రేషను కార్డులో తెలుగులో మరో రకంగా ఉంది. 'ళ' ఉండవలసినచోట 'ల' ఉన్నట్టు తేడా. భార్య పేరు కూడా ముద్దుపేరే ఎక్కింది. "పేరులో వ్యత్యాసమున్నది, సరిచేసి పంపవలెను" అని రాసి నేనే తిప్పి పంపాను. ఒకసారి కాదు, మూడుసార్లు. పద్నాలుగు నెలలు గడిచాయి. ఆవిడ చిన్నపిల్లవాడిని చంకనేసుకుని బస్సులో వచ్చేది. మూడోసారి వరండాలో నిలబడి, "మా ఆయన పేరు మా ఆయనకే తెలీదంటారా సార్?" అని అడిగింది. కోపంగా కూడా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది. నేను రూలు చెప్పాను. రూలు తప్పు కాదు. కాని ఊరి మునసబు దగ్గర ధ్రువపత్రం ఎలా తెచ్చుకోవాలో, ఏ కాగితం జతపరిస్తే అయిపోతుందో నాకు మొదటిరోజే తెలుసు. ఒక కాగితం ముక్కమీద రాసి ఆమె చేతిలో పెడితే పద్నాలుగు నెలలు పట్టేది కాదు. అది నా పని కాదనుకున్నాను.

తరవాత ఎప్పుడో పింఛను మంజూరైంది. ఆ జిల్లా పెరేడ్ మైదానంలో అమరుల స్తూపం కట్టినప్పుడు చెక్కవలసిన పేర్ల జాబితా కూడా నేనే టైపు చేశాను. సర్వీసు రిజిస్టరు చూసే చేశాను. కనుక రాతిమీద కూడా ఆ 'ల'యే పడింది. ఇప్పటికీ అలాగే ఉంది. కిందటి నెల వెళ్ళి చూసి వచ్చాను. 2018లో ఢిల్లీ చాణక్యపురిలో ప్రారంభించిన జాతీయ పోలీసు స్మారకంలో స్వాతంత్ర్యం వచ్చిననాటినుంచి పోయిన 34,844 మంది పేర్లు చెక్కారు. అందులో ఆయన పేరు ఉందో లేదో, ఉంటే ఏ అక్షరాలతో ఉందో ఇంకా చూడవలసి ఉంది.

వాషింగ్టన్‌లో ఆ సాయంత్రం లాటినో సంఘంవారు ఒక హోటల్లో భోజనాలు పెట్టి నన్ను కూడా పిలిచారు. అమెరికా పోలీసుల్లో ఒక ఆచారం ఉంది. చనిపోయినవాడి అంత్యక్రియల రోజున వైర్‌లెస్‌లో అతని నంబరు పిలుస్తారు. జవాబు రాదు. మళ్ళీ పిలుస్తారు. రాదు. అప్పుడు, అతని డ్యూటీ ముగిసింది అని ప్రకటిస్తారు. వినేవారికి అది భరించరానిది. ఈ సంఘంవారు భోజనాలకు ముందు దీపాలు తగ్గించి తమవారి పేర్లు ఒక్కొక్కటే చదివారు. రెండు ఇంటిపేర్లతో, పూర్తిగా. ప్రతి పేరుకూ హాలంతా ఒక్క గొంతుతో "ప్రెసెంతే" అని పలికింది. అంటే హాజరు అని. లాటిన్ అమెరికా దేశాల్లో పోయినవారిని తలచుకునేటప్పుడు అలా పలకడం ఉందట. వైర్‌లెస్‌లో జవాబు రాని పేరుకు వీళ్ళు జవాబు చెబుతున్నారన్నమాట. మన బడుల్లోనూ, పెరేడుల్లోనూ పేరు పిలిస్తే "హాజర్" అనే అనేవాళ్ళం గదా. మూడో పేరు దగ్గర నాకు తెలియకుండానే నా నోట ఆ మాట తెలుగు యాసతో వచ్చింది. పక్కన కూర్చున్న ఒక మెక్సికో సంతతి ఆవిడ నా చెయ్యి నొక్కింది. వాళ్ళింట్లో నవంబరు మొదట్లో పోయినవారి పటాల ముందు బంతిపూలు పెడతారట. బంతి పుట్టిందే మెక్సికోలో అని అప్పుడు తెలిసింది. మన గుమ్మాలకు కట్టేది అక్కడినుంచి వచ్చిందే.

వేళ మించిపోతున్నదని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. రెండు మాటలు చెప్పి దిగుతాను. ఆ కానిస్టేబులుగారి పిల్లవాడు ఇప్పుడు స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాడు. వెతికి పట్టుకుని కలిశాను. మొదట నన్ను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక చాలాసేపు ఏమీ అనలేదు. తల్లి ఉంది, చూపు తగ్గింది. రాతిమీద అక్షరం సరిచేయించమని కోరుతూ ఆ జిల్లా పోలీసు అధికారులకు అర్జీ రాశాను. దానితోపాటు, ఇలా పేరు తేడా పడిన ఇతరుల సంగతి తెలిసినవారు కూడా ఆ వివరాలు చేర్చవచ్చునని రాశాను. అర్జీమీద మొదటి సంతకం, తప్పు చేసినవాణ్ణి గనుక నాది. రెండోది ఆ అబ్బాయిది. మూడో వరుసనుంచి ఖాళీగా ఉంది. కాగితం బయట పేర్లు నమోదు చేస్తున్న బల్లమీద ఉంది, పక్కనే పెన్ను ఉంది. భోజనాలకు వెళ్ళేముందు చూడండి. ఇంటిపేరు పూర్తిగా రాయండి, పొడి అక్షరాలు వద్దు.